సారు రాని ఆట

కామారెడ్డి సినిమా సంఘం చిన్న హాల్లో యూరప్ కొత్త సినిమాలు వేస్తున్నారనీ, నా భార్య భూమక్క ఆదివారం ఆదివారం అక్కడే ఉంటోందనీ విన్నాను. నరకానికి మొదటి వాకిలి కామమని ఊరూరా చెప్పేవాణ్ణి. ఎల్లారెడ్డిలో ప్రవచనం సగంలో ఆపి, గ్రంథం చంకన పెట్టుకుని బస్సెక్కాను. హాలు చీకట్లో తడుముకుంటూ ఆమె వెనక వరుసలో కూర్చున్నాను.

తెర మీద ఎవరో మొగుడూ పెళ్లాలు భోజనానికి కూర్చున్నారు. కింద ఇంగ్లీషు అక్షరాలు. వాటిని చదివి తెలుగులో చెప్పే సారు ఆ రోజు రాలేదు.

"భూమక్కా, గిప్పుడేమైతది?" పక్కామె అడిగింది.

"పళ్లెం ఇసురుతడు."

విసిరాడు.

"ఇగ లేచి తలుపు గడియ పెడ్తడు."

పెట్టాడు.

"ముందుగాల్నే చూసినవా ఏంది? లేకుంటే ఇంగ్లీషు గిట్ల నేర్చినవా?" పక్కామె నవ్వింది.

"లే. గీ సినిమా గిదే మొదటిసారి."

"మరి నీకెట్ల తెలుసే?" అని మెల్లగానే అడిగి, వెనక నుంచి ఆమె భుజం మీద చెయ్యి వేశాను.

భూమక్క తిరిగి చూడలేదు. రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని కుర్చీలోనే వంగిపోయింది.