పట్టుకునే చెయ్యి

చేతి పట్టు కొలిచే మీటరు పిడిని అన్నయ్య ఒక్క నొక్కు నొక్కాడు. ముల్లు చివరిదాకా ఎగిరింది. మరుక్షణమే కిందికి జారడం మొదలుపెట్టింది.

"చూశావా?" అన్నాడు గర్వంగా.

"ఎక్కడం చూశాను. దిగడం కూడా చూశాను," అంది చెల్లెలు.

ఆమె సర్కస్‌లో ఫిజియోథెరపిస్టు. ఆటగాళ్ల కండలు చూడడం, కట్లు కట్టడం, ఆటకు ముందు చేతి పట్టు కొలవడం ఆమె పని. అన్నయ్యా వదినా ట్రపీజ్ జంట. డేరా కప్పుకింద రెండు ఊయలలు. ఒకరు దూకాలి, రెండోవారు గాల్లోనే అందుకోవాలి. అందుకునే చేతుల్లో ఇంకొకరి ప్రాణం ఉంటుంది. ఈ మ్యాట్నీకి కింద వల కూడా ఉండదు. వల తీసేస్తేనే జనం నోరు తెరుచుకుని చూస్తారని అన్నయ్యే ఓనరు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పి మరీ ఒప్పించాడు.

"కండంటే సన్నటి పోగుల కట్ట అన్నయ్యా. ఒక్కో పోగులో కంటికి కనపడని కొక్కేలు కోట్లుంటాయి. మెదడు ఊఁ అంటే అవి పట్టుకుని లాగుతాయి. నీవి ఎక్కువగా వేగం పోగులు. ఒక్కసారిగా పేలతాయి, అంతే తొందరగా చల్లారతాయి. నిదానం పోగులు వేరు. వాటికి అంత బలం ఉండదు గానీ, రక్తం అందుతున్నంతసేపూ లాగుతూనే ఉంటాయి."

"క్లాసు అయిందా? నా పనికి నా కండ చాలు."

"రాత్రి వదిన మీద మళ్లీ చెయ్యి చేసుకున్నావా?"

అన్నయ్య మొహం మాడిపోయింది. "మొగుడూ పెళ్లాల మధ్య నీకేం పని?" అని తలుపు ధడేల్మని వేసి వెళ్లిపోయాడు. సర్కస్‌లో అందరూ అతణ్ణి టపాకాయ అంటారు. కండ చూసి ఆ పేరు పెట్టారో, కోపం చూసి పెట్టారో ఎవరికీ గుర్తులేదు.

కాసేపటికి వదిన వచ్చి కూర్చుంది. చెంప మీద పౌడరు మందంగా దట్టించింది. అయినా వాపు దాగలేదు. మణికట్టు మీద అయిదు వేళ్లూ కమిలి కనిపిస్తున్నాయి. చెల్లెలికి సిగ్గేసింది, ఒళ్లు మండింది. అంతకు మించి భయమేసింది.

"నొప్పిగా ఉందా వదినా?"

"ఉంది."

వదిన పిడి నొక్కింది. ముల్లు సగం దాటి ఆగింది. ఇక అక్కణ్ణుంచి కదలలేదు. చాలమ్మా చాలు అని చెల్లెలు అనేదాకా అలాగే ఉండిపోయింది. వదిన ఓర్పు సంగతి తెలిసినవాళ్లకి ఇందులో వింతేమీ లేదు.

"ఇవాళ ఆట మానెయ్యి వదినా. నీ మణికట్టు బెణికిందని ఓనరుతో నేను చెబుతాను."

"బెణకలేదుగా. మీటరు చూశావుగా."

"వల లేదు వదినా. మనసులు బాగోలేనప్పుడు అంత ఎత్తు ఎక్కకూడదు. నాకు కాళ్లూ చేతులూ ఆడ్డం లేదు."

"వల తీయించొద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆ మాట అన్నందుకే ఈ వాపు." వదిన రెండు అరచేతులకీ చెమటకి జారకుండా తెల్లపొడి రాసుకోసాగింది. వేళ్ల సందుల్లో కూడా ఓపిగ్గా రాసింది. "ఒక మాట అడగనా? పట్టు జారిందనుకో. కండ అలిసిపోయి జారిందో, మనసే వదిలేయమందో మీ మీటరు చెబుతుందా?"

చెల్లెలు మీటరు ముల్లుని మళ్లీ సున్నాకి తిప్పింది.

"చెప్పదు. మెదడు ఆజ్ఞ ఆపితే కొక్కేలు వదిలేస్తాయి. ఎందుకు ఆపిందో ఎవరికీ తెలియదు."

"అలాగా," అని వదిన నవ్వింది. ఆ నవ్వు చెల్లెలికి నచ్చలేదు.

"వదినా, నాకు మీరిద్దరూ తప్ప ఎవరున్నారు?"

"పిచ్చిపిల్లా," అని వదిన ఆమె తల నిమిరింది. జుట్టుకి తెల్లపొడి అంటుకుంది. "లే, బ్యాండు మొదలైంది."

డేరా కిక్కిరిసి ఉంది. ఇద్దరూ చెరో నిచ్చెనా ఎక్కారు. కింద రంపపు పొట్టు తప్ప ఏమీ లేదు. చెల్లెలు గుంజని పట్టుకుని నిలబడింది. జారకూడదు, ఆ చెయ్యి జారకూడదు అని లోలోపల గొణుక్కుంటూనే ఉంది. రాత్రి తెల్లవార్లూ పక్క గదిలోంచి ఏడుపు వినబడింది. అప్పుడే లేచి వెళ్లి తలుపు కొట్టి ఉండాల్సింది.

ఊయలలు రెండూ ఊపందుకున్నాయి. బ్యాండు ఆగింది. జనం ఊపిరి బిగబట్టారు.

అన్నయ్య కర్ర వదిలేసి గాల్లోకి ఎగిరాడు. ఎదుటి ఊయలకి మోకాళ్లు తగిలించి తలకిందులుగా వేలాడుతున్న వదిన, అతణ్ణి అందుకోవలసిన చేతుల్ని ఇంకా చాచలేదు.