మూడు మార్కులు

“కూరలు తరిగే కత్తిపీట మీద ఎర్ర పెన్సిలు సెక్కుతావేటే! సూడు, వంకాయలన్నీ ఎలాగైపోనాయో!” గున్నమ్మ అరిచింది.

“కడిగేస్తానత్తా,” అంది నూకరత్నం, పెన్సిలు మొన చూసుకుంటూ.

“పంతులుద్యోగం మొగుడిది, పేపర్లు దిద్దడం పెళ్ళానిది! సోద్యం! ఓ బ్లేడు కొనుక్కోరాదా?”

“బ్లేడు మీ అబ్బాయి గెడ్డానికే చాలడం లేదు.”

అరుగు మీద వార్తాపత్రిక చదువుకుంటున్న గణపతిరావు గెడ్డం ఒకసారి తడుముకుని, ఏమీ విననట్టే పేజీ తిప్పాడు.

ఏటా ఏప్రిల్లో ఆ ఇంట్లో ఇదే తంతు. గణపతిరావు చోడవరం పక్క ఊళ్ళో ప్రాథమికోన్నత పాఠశాల మాస్టరు. పంచాయతీ సమితిలోని బళ్ళన్నిటి ఏడో తరగతి పేపర్లూ కలిపేసి, పేర్లు తీసేసి, కొత్త నంబర్లు వేసి మాస్టర్లకు పంచేవారు. ఆయన వాటా కట్ట సైకిలు మీద ఇంటికొచ్చి నేరుగా రత్నం ఒళ్ళో వాలేది. పి.యు.సి. పరీక్షలు నెల్లాళ్ళున్నాయనగా పెళ్ళయిపోయిన మనిషి. అర మార్కు ఎక్కువ వెయ్యదు, అర మార్కు తక్కువ వెయ్యదు అని గణపతిరావే తోటి మాస్టర్ల దగ్గర గొప్పగా చెప్పుకునేవాడు, అది తన సంగతే అయినట్టు.

బడి వివరాల పత్రం కూడా ఆమే నింపేది. తరగతులు నిలువునా, కులాలు అడ్డంగా, మగా ఆడా వేరువేరుగా. ఆ యేడు, డెబ్భై మూడులో, ఒకటో తరగతిలో ఆడపిల్లలు ఇరవై తొమ్మిది మంది. ఏడో తరగతిలో నలుగురు. చెరకు నరికే రోజుల్లో మానేసిన మగపిల్లలు చక్కెర మిల్లులో క్రషింగు అయ్యాక కొందరైనా తిరిగొచ్చేవారు. ఆడపిల్లల పేర్లకు ఎదురుగా, మానిన కారణం రాసే గడిలో, ఆమె ఒకే మాట రాసుకుంటూ పోయేది. పెళ్ళి.

ఆ నలుగురిలో ఒకతె ఆమె కూతురు పైడితల్లి. పదమూడేళ్ళు. సంబంధం సిద్ధంగా ఉంది. వడ్డాది అచ్చియ్యమ్మ కొడుకు, విశాఖపట్నం పోర్టులో ఉద్యోగం. అచ్చియ్యమ్మ ఒకే షరతు పెట్టింది.

“మావోడు పట్నంలో ఉంటాడు. పిల్ల ఏడు పాసై ఉండాల. తప్పిన గుంట మాకొద్దు.”

“పాసవక ఏటవుతాది? మాస్టరు కూతురు!” అని గున్నమ్మ మాటిచ్చేసింది. ఆషాఢం రాకముందే ముహూర్తం అనుకున్నారు. రత్నాన్ని ఎవరూ అడగలేదు.

కట్ట సగం అయ్యేసరికి గణపతిరావు లోపలికొచ్చి పక్కన కూర్చున్నాడు. మార్కులు పట్టీలోకి ఎక్కించడం ఆయన వంతు. పేపరు తిప్పి చూసే అలవాటు లేదు. పైన వేసిన అంకె కనిపిస్తే చాలు.

“ఇదేటే, ముప్ఫై రెండు? ఇంకో మూడు పడేస్తే గట్టెక్కిపోతాడు కదా.”

“ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?”

“దస్తూరీకి వెయ్యి.”

“లెక్కల పేపర్లో దస్తూరీకి మార్కులేటండీ!”

“ఎవరి బిడ్డో, పాపం.”

“ఎవరి బిడ్డయితేనేం? దీనికి మూడు ఊరికే ఇచ్చేస్తే, కష్టపడి ముప్ఫై అయిదు తెచ్చుకున్నవాడు ఏమైపోవాలి?”

“నీది గుండె కాదే, బండరాయి,” అని నవ్వుతూ ఆయన పట్టీలో ముప్ఫై రెండు ఎక్కించి, కింద ఎర్రగీత కొట్టాడు.

మే నెలలో ఫలితాలొచ్చాయి. పైడితల్లి లెక్కల్లో తప్పింది. ముప్ఫై రెండు.

గణపతిరావు ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా కూలబడ్డాడు. “నంబరు సరిచూసేను. ఆ పేపరు మన పిల్లదేనే. నా సేత్తోనే గీత కొట్టేను.”

గున్నమ్మ గుండెలు బాదుకుంది. “కన్నతల్లివేటే నువ్వు? మూడంటే మూడు మార్కులు! నీ సొమ్మేటైనా పోయిందేటి?”

“నంబరే కదత్తా ఉన్నాది. పేరు లేదు కదా,” అంది రత్నం.

పైడితల్లి గోడవైపు తిరిగి వెక్కుతూనే ఉంది. “ఒక్కటే వదిలేసేనమ్మా. మిగతావన్నీ సరిగ్గానే చేసేను. ఒట్టు.”

రత్నం కూతురి తల నిమరబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

వారం తిరక్కుండా అచ్చియ్యమ్మ బుచ్చయ్యపేట పిల్లను ఖాయం చేసుకుందని కబురొచ్చింది. తోటి మాస్టర్లు గణపతిరావు ఎదురైతే గొంతు తగ్గించి మాట్లాడుకోసాగారు. ఒకాయన నిలబెట్టి మరీ ఓదార్చాడు. ఆ ఓదార్పే ఆయన్ని ఎక్కువ కాల్చింది.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నారు.

“పోనీలే బాబూ, కశింకోటలో ఇంకో సంబంధం ఉన్నాదట. ఆళ్ళకి సదువుతో పని లేదంట,” అని గున్నమ్మ మొదలుపెట్టింది.

గణపతిరావు ఎడంచేత్తో నేల చరిచాడు. “ఆపమ్మా! మాస్టరు కూతురు లెక్కల్లో తప్పిందని ఊరంతా నవ్వుతన్నారు. ఇది మళ్ళీ ఏడు చదువుతాది. హైస్కూలుకెళ్తాది. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయ్యేదాకా ఈ ఇంట్లో ఎవరు పెళ్ళి మాటెత్తినా నేను అన్నం ముట్టను.”

పైడితల్లి కళ్ళు తుడుచుకోకుండానే ముద్ద నోట పెట్టుకుంది. రత్నం భర్త కంచంలో చారు పోసింది.

ఆ పేపరుకు నిజంగా రావలసినవి ఎనభై ఒకటి.