ఆరో కుర్చీ

టేబుల్ మీది కాగితాలు ఒక్కసారిగా లేచి నేల మీద పడ్డాయి.

"ఎవరయ్యా ఆ కిటికీ తెరిచింది?" అధ్యక్షురాలు విసుక్కుంది.

ముప్పై ఏళ్లు బడి నడిపి రిటైరైన మనిషి. ఊళ్లో అందరికీ పెద్ద టీచరమ్మ. ఆవిడ గొంతు లేస్తే తలలు నెరిసినవాళ్లు కూడా సర్దుకుని కూర్చుంటారు.

"నేనేనమ్మా," అన్నాడు గుమ్మం దగ్గర నిలబడ్డ పెద్దాయన. "గాలి మళ్లింది. ఇది తెరిచే వేళయింది."

"తెరిచేముందు చెప్పాలా వద్దా? సరే, అవి ఏరిపెట్టు."

ఏరిపెట్టాడు. ముందే తెచ్చుకున్నట్టు జేబులోంచి నున్నటి గులకరాయి తీసి వాటి మీద ఉంచాడు.

పాత భవనాలను కాపాడటం, ఏటేటా ముదురుతున్న ఎండలకు విరుగుడు వెతకడం ఆ కమిటీ పని. ఎవరికీ జీతం లేదు. అందుకేనేమో మాటలకు మాత్రం లోటు లేదు. కుర్చీలు ఆరు, సభ్యులు ఐదుగురు. ఆరో కుర్చీ రెండేళ్లుగా ఖాళీ.

"దానికి దరఖాస్తులేమైనా వచ్చాయా?" టీచరమ్మ అడిగింది.

"డిగ్రీ ఉన్నవి ఒక్కటీ లేవు మేడమ్. లేనివన్నీ మీరు చెప్పినట్టే పక్కన పడేశా," అన్నాడు కార్యదర్శి.

పెద్దాయన వచ్చి ఆ ఖాళీ కుర్చీ దుమ్ము తుడిచి, మళ్లీ గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ప్రతి నెలా అంతే.

అసలు గొడవ వాళ్లు కూర్చున్న ఆ హాలు గురించే. డెబ్బై ఏళ్ల నాటిది. చెక్క కిటికీలు పీకేసి, అద్దాలు బిగించి ఏసీలు పెడతామంటోంది నగర కౌన్సిల్. టీచరమ్మ చిన్నప్పుడు చదువుకుందీ, పెద్దయ్యాక చదువు చెప్పిందీ అక్కడే. కిటికీలు పోతాయంటే ఆవిడకు ప్రాణం పోయినంత పనైంది.

"ఏసీలు అక్కర్లేదు. ఈ హాలు దానంతట అదే చల్లగా ఉంటుంది," అని నివేదిక రాసింది. అబద్ధమేం కాదు. మండుటెండల్లో కూడా మీటింగులో ఎవరికీ చెమట పట్టింది లేదు.

"అయితే వచ్చే నెల మిట్టమధ్యాహ్నం వచ్చి గంటసేపు కూర్చుంటాం," అన్నారు కౌన్సిల్ వాళ్లు. "చల్లగా ఉంటే కిటికీలు ఉంటాయి. లేదంటే లేదు."

ఆ రోజు రానే వచ్చింది. పెద్దాయన రాలేదు.

టీచరమ్మ ఆ సంగతే పట్టించుకోలేదు. హడావుడిగా కిటికీలన్నీ బార్లా తెరిపించింది. పావుగంటలో హాలు పెనంలా కాలిపోయింది. కౌన్సిలర్లు ఆవిడ నివేదికతోనే విసురుకున్నారు.

"దానంతట అదే చల్లగా ఉంటుందన్నారు?" అన్నాడొకాయన.

అరనిమిషంలో తీర్మానం అయిపోయింది.

"ఏడీ మీ అటెండరు, ఆ పెద్దాయన?" బయటికి వస్తూ హాలు చూసుకునే ఆఫీసు గుమస్తాను అడిగింది.

"మా అటెండరా? ఆయన మీ కమిటీ మనిషి కాదూ?"

ఎదురుగా టీ కొట్టు నడిపే ఆమెకు తెలుసు.

"పోయిన వారం పోయాడమ్మా, నిద్రలోనే. మీ మీటింగు రోజున చీకటితోనే వచ్చేవాడు. అన్ని కిటికీలూ తెరిచి చల్లగాలి నింపేవాడు. ఎండెక్కగానే ఎండ వైపువి మూసేసి, కప్పు కిందున్న చిన్న కిటికీలు తాళ్లతో లాగి తెరిచేవాడు. ఎందుకు తాతా ఈ చాకిరీ అంటే నవ్వి ఊరుకునేవాడు."

ఐదు డిగ్రీలు టేబుల్ చుట్టూ కూర్చుని, చల్లదనమంతా గోడలదే అనుకున్నాయి.

నాలుగో రోజున పనివాళ్లు మొదటి కిటికీ ఊడదీస్తుంటే, ఆవిడ కార్యదర్శిని పిలిచింది.

"పక్కన పడేసిన దరఖాస్తులన్నీ ఇలా ఇవ్వు. ఈసారి చదువుతాను."

కట్ట అడుగున అన్నిటికంటే పాతది, రెండేళ్ల నాటిది. దాని మీద అతికించి ఉన్నది పెద్దాయన ఫొటో.

"డిగ్రీ లేదు. ఈ కిటికీలు మా నాన్న చేసినవి. ఏది ఏ వేళకు తెరవాలో, ఏది మూయాలో నాకు తెలుసు. కమిటీవారికి చెబుదామని. వెనక బొమ్మ గీశాను."

కిటికీ లేని సందులోంచి గాలి విసిరికొట్టింది. టీచరమ్మ టేబుల్ మీది ఆ గులకరాయి తీసి కాగితం మీద పెట్టింది.

ఫారం చివర ఆయన సంతకం, దాని కింద ఒకప్పుడు తానే రాసి అచ్చు వేయించిన నిబంధన: "పిలుపు వచ్చేవరకు అభ్యర్థి ప్రతి సమావేశానికీ తప్పక హాజరు కావాలి."