గుట్ట ఎవరిది

“గుట్ట ఊసెత్తనని మాటిస్తేనే లోపలికి రానిస్తాను బాబాయ్,” అంది లుబ్నా, ఆసుపత్రి గది తలుపుకి అడ్డంగా నిలబడి.

గెర్షోన్ ఆయాసపడుతూ గోడకి చేరగిలబడ్డాడు. ఎనభై దాటిన మనిషి. పశ్చిమ జెరూసలేం నుంచి ఈ తూర్పు వైపుకి బస్సులు మారి వచ్చాడు. చేతిలో నువ్వులద్దిన కాక్ రొట్టెల సంచి ఉంది.

“మీ నాన్నతో ఎండా వానా గురించి మాట్లాడటానికి ఇంత దూరం వచ్చాననుకున్నావా?”

“పోయిన శుక్రవారం మీరిద్దరూ ఫోన్లో అరుచుకున్నాక ఆయన గుండె ఎలా కొట్టుకుందో నువ్వు చూడలేదు. నేను చూశాను. మా ఊరు నాబ్లుస్ నుంచి అంబులెన్సులో తెస్తుంటే చెక్‌పోస్టు దగ్గర మీ సైనికులు ఆపేశారు. అక్కడే నా ప్రాణం సగం పోయింది. ఆయనకి కోపం తెప్పించొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు.”

ఆ గుట్ట గొడవ లుబ్నాకి చిన్నప్పటి నుంచీ తెలిసిందే. శాంతి చర్చల్లో ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చున్నవాళ్ళు ఈ ఇద్దరూ. తన తండ్రి రాగిబ్ పాలస్తీనా తరఫున, గెర్షోన్ ఇజ్రాయెల్ తరఫున. రోడ్లు, ఊళ్ళు, బావులు అన్నీ ఎలా పంచుకోవాలో ఒప్పుకున్నారు. నీటి ఊట ఉన్న ఒక్క గుట్ట దగ్గర ఆగిపోయారు. చర్చలు చెడ్డాయి, ప్రభుత్వాలు మారాయి, వీళ్ళని పట్టించుకునే నాథుడు లేకుండా పోయాడు. తగాదా మాత్రం ప్రతి శుక్రవారం ఫోన్లో నడుస్తూనే ఉంది. ఏ వారమైనా ఆ ఫోను రాకపోతే రాగిబ్‌కి తిండి సయించదు.

గెర్షోన్ గొంతు తగ్గించాడు. “ఈరోజు గొడవ ఉండదమ్మా. గుట్ట వదిలేస్తున్నాను.”

లుబ్నా ఆయన మొహంలోకి చూసింది. “ఏమిటి నువ్వంటున్నది?”

“మీ నాన్నకే ఇచ్చేస్తాను. ‘నువ్వే గెలిచావు రాగిబ్’ అని ఒక్క మాట చెప్పి, ఆ మొహం ఎలా వెలుగుతుందో చూసి వెళ్ళిపోతాను.”

“ఇవ్వడానికి అది నీ చేతిలో ఉందా బాబాయ్? దాని చుట్టూ మీ సైనికులు కంచె వేసుకుని కూర్చున్నారు.”

“లేదమ్మా.” గెర్షోన్ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవసాగాడు. చాలాసేపు తుడిచాడు. “చేతిలో ఉన్న రోజున ఇవ్వలేదు.”

లుబ్నా పక్కకి తప్పుకుంది.

“ఏరా, ఇంకా బతికే ఉన్నావా?” లోపలి నుంచి రాగిబ్ గొంతు నీరసంగా వినిపించింది. “నేను పోతే ఊట నీళ్ళు నువ్వొక్కడివే తాగొచ్చనే కదా, ఉరుకులు పరుగుల మీద వచ్చావు. లుబ్నా, శత్రువుకి కుర్చీ వెయ్యవే.”

గెర్షోన్ రొట్టె తుంచి టీలో ముంచి మిత్రుడి నోటికి అందించాడు. ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి పాలు కూడా ముట్టని మనిషి ఆ ముక్క తిన్నాడు. “పాడు రొట్టె. మా నాబ్లుస్‌లో అయితే కుక్కలకి కూడా వెయ్యం,” అని ఇంకో ముక్కకి నోరు తెరిచాడు.

లుబ్నాకి కళ్ళు చెమర్చాయి. కిటికీ వైపు తిరిగి నిలబడింది.

ఉన్నట్టుండి రాగిబ్ దుప్పటి కింద ఒక మోకాలు పైకి లేపాడు. “ఇదిగో గుట్ట. ఇటు మా ఊళ్ళు, అటు మీ ఊళ్ళు. కుర్చీ దగ్గరికి లాక్కో. నువ్వెళ్ళి ఏలకులేసిన కాఫీ పట్రా తల్లీ. మాకు పనుంది.”

ఆమె భయంగా గెర్షోన్ వైపు చూసింది. నేనున్నాను కదా, వెళ్ళు అన్నట్టు ఆయన కళ్ళు మూసి తెరిచాడు.

కింద కాఫీ కోసం నిలబడినంతసేపూ లుబ్నా తండ్రి మొహాన్నే ఊహించుకుంది. ఇన్నేళ్ళ పంతం నెగ్గిందని తెలిస్తే ఆయన ఏమంటాడు? ముందు నమ్మడు. తర్వాత బాబాయ్‌ని నాలుగు తిట్టి, అటు తిరిగి పడుకుని దొంగతనంగా ఏడుస్తాడు. తనలో తనే నవ్వుకుంటూ కాఫీ కప్పులు పట్టుకుని మెట్లెక్కింది.

పై అంతస్తుకి చేరేసరికి కేకలు వినిపించాయి.

“ఒప్పుకోను. చచ్చినా ఒప్పుకోను,” అంటున్నాడు గెర్షోన్.

“నీ మొండితనం వల్లే కదరా మన బతుకులు ఇలా తగలడ్డాయి,” అంటున్నాడు రాగిబ్.

లుబ్నా పరుగెత్తింది. వేడి కాఫీ చేతి మీద ఒలికినా చూసుకోలేదు. గదిలో దుప్పటి సగం జారిపోయి ఉంది. ముసలాళ్ళిద్దరూ ఆ మోకాలి మీద చేతులేసి పెనుగులాడుతున్నారు. పక్కన మిషన్ కీచుకీచుమంటోంది. నర్సు రాగిబ్ మొహానికి ఆక్సిజన్ మాస్కు తగిలించి, ఎవరి చెయ్యి పట్టుకోవాలో తెలియక నిలబడిపోయింది.

“మాటిచ్చావు కదా బాబాయ్,” అంది లుబ్నా. “గుట్ట ఇచ్చేస్తానన్నావు.”

“ఇస్తూనే ఉన్నానమ్మా,” అన్నాడు గెర్షోన్, ఏడుపు ఒక్కటే తక్కువగా. “మీ నాన్నే పుచ్చుకోవడం లేదు.”

రాగిబ్ ముక్కు మీది ఆక్సిజన్ మాస్కు కిందికి లాగి, రొప్పుతూ అన్నాడు: “ఎలా పుచ్చుకుంటానే? నువ్వటు వెళ్ళగానే దాన్ని నేనే వాడికిచ్చేశాను.”