రెండో టోకెన్

బడి బస్సు నడిపే ఆమెకు సిగ్నల్ దగ్గర కునుకు పట్టింది.

వెనక పిల్లలు కేకలేస్తే ఉలిక్కిపడి లేచింది. ఆ సాయంత్రమే క్లినిక్‌ మెట్లెక్కింది.

ఒళ్ళు బరువెక్కుతోందని, జుట్టు ఊడుతోందని, అందరికీ చెమటలు పోస్తుంటే తనకు చలి వేస్తోందని చెప్పుకుంది. డాక్టరు సగం విన్నాడు. ఇంటిపనీ బస్సుపనీ కలిసి అలసట, అంతకుమించి ఏమీ లేదన్నాడు. బలానికి మాత్రలు రాసి పంపేశాడు.

బయటికొస్తుంటే తలుపు ఎదురు కుర్చీలోంచి ఓ పెద్దావిడ పలకరించింది.

“ఏమన్నాడమ్మా?”

“ఏమీ లేదన్నారు.”

“మరి నీకేమనిపిస్తోంది?”

ఆ ముక్క కట్టుకున్నవాడు కూడా అడగలేదు. అయినా ముక్కూ మొహం తెలియని మనిషితో ఏం చెప్పుకుంటాం? మీ పని మీరు చూసుకోండని విసుక్కుంది.

నా పని ఇదేనని పెద్దావిడ నవ్వింది. తన టోకెన్ తీసి ఆమె గుప్పిట్లో పెట్టింది.

“మళ్ళీ లోపలికెళ్ళు. థైరాయిడ్ పరీక్ష రాయమను. రాసేదాకా లేవకు. ఒంటిమీద డ్రైవరు చొక్కా ఉంది, నీ వెనక ఎంతమంది కూర్చుంటారో నీకు తెలుసు కదా.”

సిగ్నల్ దగ్గర కేకలేసిన పిల్లలు ఆమెకు గుర్తొచ్చారు. వెనక్కి తిరిగింది.

డాక్టరు కసురుకోబోయి, తెరిచిన తలుపులోంచి ఆ కుర్చీ వైపు చూశాడు. వెంటనే పరీక్ష రాశాడు.

థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పనిచేయడం లేదని తేలింది. కొన్నాళ్ళు బస్సు వేరేవాళ్ళకు అప్పగించింది. మాత్రలు వేసుకోగా వేసుకోగా మత్తు వదిలి, స్టీరింగు మళ్ళీ చేతికొచ్చింది. పెద్దావిడను కసిరిన మాటే ముల్లులా గుచ్చుతూ మిగిలింది.

చేతులు పట్టుకుని క్షమించమని అడగాలని మళ్ళీ క్లినిక్‌కి వచ్చింది. పెద్దావిడ లేదు.

“ఆవిడ రావడం లేదా డాక్టరుగారూ? ఏ జబ్బు పాపం ఆవిడకి?”

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఇక రాదండీ, మెట్లెక్కలేకపోతోంది. కానీ రోజూ నాకు భోజనం వడ్డిస్తూ, ఇవాళ ఎవరిని ఏమీ లేదని పంపేశావురా అని అడుగుతూనే ఉంటుంది.”

తల దించుకుని అన్నాడు.

“మా అమ్మండీ. ఇదే జబ్బుతో రెండేళ్ళు నీరసం నీరసమని మొత్తుకుంటే, వయసైపోయిందమ్మా అని కొట్టిపారేసింది నేనే.”