అడ్డంగా నిలిచిన ఏతం

"టిక్కెట్టు నేను కొనను" అంది ముసలామె.

పచ్చిక మైదానపు పార్కు గేటు దగ్గర కిటికీలో కూర్చున్న బొరీష్క తలెత్తి చూసింది.

"అందరూ కొంటున్నారు మామ్మగారూ."

"కొననీ. ఈ మైదానంలో నేను మూడేళ్ళున్నాను. అప్పుడెవరూ నన్ను టిక్కెట్టు అడగలేదు."

"అప్పుడు పార్కు లేదేమో!"

"గేటు మాత్రం ఉండేదిలే" అని, ఆమె ముక్కు ఎగబీల్చింది. "రొట్టె వాసన వస్తోంది. పొద్దున కాల్చిందేనా? పెద్దది ఒకటి ఇవ్వు."

బొరీష్క లేచి, వెనకే ఉన్న వంటింట్లోంచి రొట్టె తెచ్చి అమ్మింది. ముసలామె దాన్ని గళ్ళ రుమాల్లో చుట్టుకుని గేటు బయటే, ఎత్తైన ఏతం ఉన్న పాత బావి పక్క బల్లమీద కూర్చుంది.

పార్కు కాపలా చూసే మరిది జోంబోర్ కిసుక్కున నవ్వాడు.

"టిక్కెట్టుకు రాని చేతులు రొట్టెకు వచ్చాయి చూశావా వదినా!"

"నెమ్మదిరా, వినబడుతుంది."

"వినబడనీ. ఈ వయసులో చెవులెక్కడ పనిచేస్తాయి!"

ఆ రోజు సెయింట్ జార్జి పండగ. చలికాలమంతా కాలువ అవతల కొట్టాల్లో ఉన్న ఆవుల మందను ఊరి ముందు నుంచి కొత్త మేతకు తోలుకుపోయే రోజు. చూడడానికి ఐదు బస్సుల జనం వచ్చారు. మందను తోలుకొచ్చేది, గేటు మీది ప్రకటనలో పేరున్న, బొరీష్క మామగారు గెర్గెలీ. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి, ఒక గుర్రం, రెండు కుక్కలు, ఎనభై ఆవులు.

పదకొండింటికి దూరాన దుమ్ము లేచింది. జనం చప్పట్లు కొట్టారు.

అప్పుడే కాలువ వైపు నుంచి జోంబోర్ పరుగెత్తుకొచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"వదినా, రాత్రి ఎగువన పడ్డ వాన వరదకు చెక్క వంతెన నడుమ పలకలు కొట్టుకుపోయాయి!"

"మామయ్య ఆ దారినేగా వచ్చేది!"

"నీళ్ళ వాసన తగిలాక ఆ మంద ఆగదు. ముందు గుర్రం మీద నాన్న, వెనక ఎనభై ఆవులు..."

"ఫోన్ చెయ్యి!"

చేశాడు. వంటింట్లో పిండి డబ్బా పక్కన గెర్గెలీ ఫోను గణగణ మోగింది.

"జీపు తియ్యి మరి!"

"రాతి వంతెన చుట్టూ తిరిగి పోవాలి. ఆ గతుకుల్లో అరగంట. ఈలోగా అంతా అయిపోతుంది."

బొరీష్క కాలువ గట్టుకు పరుగెత్తబోయి, బావి దగ్గర కిర్రుమన్న చప్పుడుకు వెనక్కి తిరిగింది.

ముసలామె ఏతం గడ పట్టుకుని కిందికి లాగుతోంది.

"ముట్టుకోకండి! ఫొటోలకు పెట్టింది అది, వాడేది కాదు!"

ముసలామె వినలేదు. ఏతం మాను నేలకు సమానంగా అడ్డంగా వచ్చేదాకా లాగి, చేదను బావిగట్టు కొక్కేనికి తగిలించింది. తలకున్న ఎర్రగుడ్డ విప్పి గడకు చుట్టింది.

"ఇక్కడ మా ప్రాణాలు పోతుంటే మీకు ఆటలా?" అని అరిచింది బొరీష్క.

"తరవాత తిడుదువుగాని. ఈ ముడి బిగించు పిల్లా, నా వేళ్ళలో పట్టు లేదు."

ఎందుకో తెలియకుండానే బొరీష్క బిగించింది.

గాలికి ఎర్రగుడ్డ రెపరెపలాడింది.

దూరాన దుమ్ము ముందుకే వస్తోంది. వస్తోంది.

ఆగింది.

ఒక కొరడా ఛెళ్ళుమంది. కుక్కలు మొరిగాయి. దుమ్మంతా మెల్లగా ఎడమకు, రాతి వంతెన వైపు తిరిగింది.

"తిరిగాడు! నాన్న తిరిగాడు!" జోంబోర్ వదినను ఎత్తి గిరగిరా తిప్పేశాడు. జనమంతా రాతి వంతెనకు పరుగు తీశారు.

గంట తరవాత ఎనభై ఆవులూ కొమ్ములు ఆడిస్తూ, మెడగంటలు మోగిస్తూ ఊళ్ళోకి వచ్చాయి. ఒక్క దూడకూ గీత పడలేదు. బాజాలు, టోపీలు గాల్లోకి, కేకలు.

గెర్గెలీ మాత్రం నేరుగా బావి దగ్గరకొచ్చి గుర్రం దిగాడు.

"ఏతానికి గుడ్డ ఎవరు కట్టారు?"

"ఎవరో ముసలామె మామయ్యా. సరిహద్దు బస్సెక్కి వెళ్ళిపోయిందట. ఇంత మేలు చేస్తే పేరు కూడా అడగలేదు నేను. పైగా తిట్టాను."

"నా ఈడుదా?"

"అంతే ఉంటుంది."

గెర్గెలీ చేదలోకి వంగాడు. అందులో గళ్ళ రుమాలు, రుమాల్లో రొట్టె.

ఆయన టోపీ తీసేశాడు.

"నా ఎనిమిదో ఏట సర్కారు వాళ్ళు సరిహద్దు ఊళ్ళ జనాన్ని ఇళ్ళలోంచి పట్టుకొచ్చి ఇక్కడ గొర్రెల కొట్టాల్లో పడేశారు. పిల్లాపాపలతో, చుట్టూ తుపాకుల కాపలా. మూడేళ్ళు."

మూడేళ్ళన్న మాటకు బొరీష్క చేతిలోని టిక్కెట్ల పుస్తకం బావిగట్టు మీద పెట్టేసింది. జోంబోర్ తల దించుకున్నాడు.

"ఆ కొట్టాల్లోని ఒక పిల్ల కోసం మా అమ్మ ఈ చేదలో రొట్టె దాచేది. కాపలావాళ్ళు దగ్గర్లో ఉంటే, రావద్దన్న సైగగా ఏతం అడ్డంగా నిలిపి ఎర్రగుడ్డ కట్టడం నా పని. ఆ సైగ తెలిసినవాళ్ళు ఇద్దరమే."

ముసలాయన రొట్టె విరిచి నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళనీళ్ళతోనే పకపకా నవ్వాడు.

"బతికే ఉందిరా! అప్పుడు నేను కట్టిన గుడ్డ చూసి, రొట్టె కోసం వస్తూ వస్తూ ఆకలితోనే వెనక్కి తిరిగిపోయిన పిల్ల, ఇవాళ నన్ను తిప్పి పంపింది!"