ఉడుంపట్టు

తెల్లారి గేటు తీసేసరికి ప్రహరీ గోడ మీద బారెడేసి తారు అక్షరాలు: “నీకు సిగ్గుందా?”

ఉడుం బకెట్టుతో నీళ్ళు తెచ్చి బ్రష్షుతో రుద్దాడు. గోడకున్న సున్నం ఊడింది గానీ ఒక్క అక్షరమూ చెరగలేదు. ఎదురింటాయన మేడ మీద నిలబడి పళ్ళు తోముకుంటూ అంతా చూశాడు. చూసి, వీధిలోకి తుపుక్కున ఉమ్మాడు.

ఉడుం అతని అసలు పేరు కాదు. పన్నెండేళ్ళుగా దేశం జట్టులో స్లిప్ ఫీల్డరు. అతని చేతికి చిక్కిన బంతి జారిందన్న మాట లేదు. అందుకని అభిమానులు ముద్దుగా పెట్టుకున్న పేరది. పది రోజుల క్రితం దాకా ముద్దుగానే పిలిచేవారు.

పది రోజుల క్రితం, ఆఖరి టెస్టు ఆఖరి సాయంత్రం, బ్యాటు అంచు తగిలిన బంతి ఒకటి అతని ముందు బాగా కిందుగా వచ్చింది. ముందుకు దూకి రెండు చేతులూ గడ్డిలోకి పోనిచ్చాడు. లేచేసరికి బంతి చేతుల్లోనే ఉంది. ఆ తర్వాత అంపైరు దగ్గరికి వెళ్ళి ఒక మాట అన్నాడు. ఆ మాటే కొంప ముంచింది.

బోర్డు విచారణ కమిటీ ముందుకు వెళ్ళే రోజు కదా, గడ్డం గీయించుకుందామని సెలూన్‌కు వెళ్ళాడు. మంగలి మెడకు గుడ్డ చుట్టి, సబ్బు నురగ పూసి, అప్పుడు అద్దంలో ముఖం పోల్చుకున్నాడు. చుట్టిన గుడ్డ చుట్టినట్టే లాగేశాడు.

“ఇంకో షాపు చూసుకోండి సార్. నా కత్తి ఇవాళ తెగదు.”

బల్ల మీద కూర్చున్నవాళ్ళు పేపరు చాటున నవ్వారు. ఆ పేపరు మొదటి పేజీలో అతని ఫోటోనే. కింద పెద్దక్షరాలతో ప్రశ్న: ఇతనికి ఏ శిక్ష వెయ్యాలి? ఉడుం బుగ్గ మీది నురగ చేత్తోనే తుడుచుకుని బయటికొచ్చాడు.

ఇంట్లో భార్య కంచం ఠపీమని పెట్టింది.

“బళ్ళో దాని పక్కన ఎవరూ కూర్చోవట్లేదట. రాత్రంతా దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చింది మీ కూతురు. ఆ ఒక్క మాటా అనకపోతే మీ సొమ్మేం పోయేది?”

అతను తల వంచుకుని తింటున్నాడు.

“పోనీ, ఇప్పుడైనా చెప్పండి. కంగారులో అనేశాను, సరిగ్గా తెలియలేదు అనండి. అంత కిందుగా వచ్చిన బంతి, తెలియలేదంటే ఎవరు కాదంటారు?”

“తెలిసిందిగా” అన్నాడు.

ఆమె మంచినీళ్ళ గ్లాసు కూడా పెట్టకుండా లోపలికి వెళ్ళిపోయింది.

బోర్డు ఆఫీసులో పొడుగాటి బల్ల. అవతల అధ్యక్షుడు, ఇద్దరు సభ్యులు. పక్కగా కెప్టెన్. కెప్టెన్, ఉడుం ఒకే ఏడాది జట్టులోకి వచ్చినవాళ్ళు. ఒకే గదిలో పడుకుని, ఒకే టవలుతో తుడుచుకున్న రోజులున్నాయి. ఇవాళ కెప్టెన్ కిటికీ వైపే చూస్తున్నాడు.

గోడ మీది టీవీలో ఆ బంతిని మెల్లగా, ఇంకా మెల్లగా, మళ్ళీ మళ్ళీ వేశారు.

“వంద సార్లు చూశాం” అన్నాడు అధ్యక్షుడు. “గడ్డిపోచ కదిలిందో లేదో మాకే అంతు పట్టట్లేదు. మీరు చెప్పండి. బంతి నేలకు తాకిందా?”

“తాకిందండీ. చిటికెన వేలి పక్కన.” ఆ వేలు ఇంకా వాచే ఉంది.

“ఆ సంగతి మీకు తర్వాత తెలిసిందా, అప్పుడే తెలుసా?”

“అప్పుడే తెలుసు.”

సభ్యులిద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు.

“అంటే తెలిసి తెలిసి, అంపైరు దగ్గరికెళ్ళి ఆ మాట అన్నారన్నమాట!”

“అవునండీ.”

“నాతో ఒక్క ముక్క చెప్పాడా?” కెప్టెన్ కిటికీ వైపు నుంచే అరిచాడు. “తిన్నగా అంపైరు దగ్గరికే పోయాడు! అందరం నవ్వులపాలయ్యాం!”

అధ్యక్షుడు చెయ్యెత్తి ఆపాడు. “పెద్దవాణ్ణి, ఒక దారి చూపిస్తాను. పొరపాటు చేశానని ఒక్క వాక్యం రాసివ్వండి. శిక్ష తగ్గించే పూచీ నాది.”

కాగితం, కలం ముందుకు జరిపారు. ఉడుం వాటి వంక చూడనైనా చూడలేదు.

“రేపు అలాంటి బంతే వచ్చిందనుకోండి, మళ్ళీ అదే మాట అంటాను.”

“పొగరు చూశారా!” అన్నాడొక సభ్యుడు.

అయిదు నిమిషాల్లో తీర్పు అయిపోయింది. ఈ దేశం తరఫున అతను ఇక మ్యాచ్ ఆడడు. జట్టు టోపీ కూడా తిరిగి ఇచ్చెయ్యాలి. ఉడుం టోపీ తీసి, దుమ్ము దులిపి, మడత నలగకుండా బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. కళ్ళు మండుతున్నాయి. ఎవరి ముందూ తుడుచుకోలేదు.

మెట్ల దగ్గర కెప్టెన్ పరుగున వచ్చి చొక్కా పట్టుకుని గోడకు నొక్కాడు.

“అంపైరు వేలెత్తి అవుటిచ్చేశాడు, మ్యాచ్ మన చేతికొచ్చేసింది, వాడు బ్యాటు చంకలో పెట్టుకుని సగం దూరం వెళ్ళిపోయాడు, నేల తాకిందని చెప్పి వాణ్ణి వెనక్కి రప్పించమని నిన్నెవడు అడిగాడురా?”